సైన్యంలో ఉంటూ దూరవిద్య చదువుతున్నారా? పరీక్షలు ఇలా ఏర్పాటు చేసుకోండి

తిరుమలగిరి, బొల్లారం, అల్వాల్, గోల్కొండ వైపు ఏ కాలనీకి వెళ్లినా ఫౌజీ కుటుంబాలు కనిపిస్తాయి. ఆ ఇళ్లలో ఉద్యోగం చేస్తూనే డిగ్రీ చదువుతున్న జవాన్లు చాలామంది. వాళ్లకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ పరీక్ష ఫారాలు నింపడంలో నేను సాయం చేస్తుంటాను. నేను చూసినంతలో సబ్జెక్టు కష్టమై డిగ్రీ ఆపేసినవాళ్లు తక్కువ. పరీక్ష రోజుకి పరీక్ష గదికి చేరలేక ఆగిపోయినవాళ్లే ఎక్కువ. పుస్తకం ఏ పోస్టులో ఉన్నా చదువుకోవచ్చు. అసైన్‌మెంట్ రాత్రి డ్యూటీ దిగాక రాసుకోవచ్చు. పరీక్ష మాత్రం యూనివర్సిటీ చెప్పిన తేదీన, అది గుర్తించిన కేంద్రంలో, ఇన్విజిలేటర్ ఎదురుగా కూర్చుని రాయాల్సిందే. ఆ తేదీని నిర్ణయించేది యూనివర్సిటీ. ఆ రోజు మీరెక్కడ ఉండాలో నిర్ణయించేది యూనిట్. ఈ రెండింటినీ ముందుగానే కాగితం మీద కలపడం మీ పని. అదెలాగో ఒక్కొక్కటిగా చెప్తాను.

అడ్మిషన్‌కి ముందే పరీక్ష కేంద్రాల సంగతి అడగండి

కోర్సులో చేరేముందు అందరూ ఫీజు ఎంత, సిలబస్ ఏమిటి అని అడుగుతారు. మీరు మొదట అడగాల్సింది పరీక్ష ఏయే ఊళ్లలో రాయొచ్చు అని.

రాష్ట్ర విశ్వవిద్యాలయాలు దూరవిద్యను తమ రాష్ట్రం దాటి నడపకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధన. జూబ్లీహిల్స్‌లోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది. తెలుగులో డిగ్రీ చదవాలనుకునేవారికి అంత అనువైనది మరొకటి లేదని నా అభిప్రాయం. కానీ మీరు జోధ్‌పూర్‌లోనో తేజ్‌పూర్‌లోనో ఉంటే అక్కడ దాని పరీక్షా కేంద్రం ఉండదు, ప్రతిసారీ సెలవు పెట్టుకుని ఇక్కడికి రావాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయం దూరవిద్యా కేంద్రానిదీ అదే పరిస్థితి. హైదరాబాద్‌లోనే రెండు మూడేళ్లు పోస్టింగ్ ఉంటుందని నమ్మకం ఉన్నప్పుడు వీటిలో చేరండి.

బదిలీల మీద తిరిగేవారికైతే నేను ఇగ్నోనే (ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) చెప్తాను. 1985లో ఏర్పడిన కేంద్ర విశ్వవిద్యాలయం అది. దేశమంతటా పరీక్షా కేంద్రాలున్నాయి. మీ పేరు హైదరాబాద్ ప్రాంతీయ కేంద్రంలో ఉన్నా, థియరీ పేపర్లు వేరే రాష్ట్రంలోని కేంద్రాన్ని ఎంచుకుని రాయొచ్చు. పైగా ఆర్మీ, నేవీల కోసం ఇగ్నో ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతీయ కేంద్రాలున్నాయి. విశాఖపట్నంలో నేవీది అలాంటిదే. వాటి ద్వారా చేరాలా, మామూలు పౌరుల్లాగా మాదాపూర్ కావూరి హిల్స్‌లోని ప్రాంతీయ కేంద్రం ద్వారా చేరాలా అన్నది మీ యూనిట్ ఎడ్యుకేషన్ విభాగాన్ని అడిగి తేల్చుకోండి. రిటైర్మెంట్ దగ్గరపడినవాళ్లకి రెండోదే సులువు.

ల్యాబ్ ఉన్న కోర్సుల విషయంలో మాత్రం జాగ్రత్త. ప్రాక్టికల్స్‌ని థియరీ పేపర్లలా మీకు నచ్చిన ఊళ్లో రాయడం కుదరదు, కేటాయించిన కేంద్రానికే వెళ్లాలి. ఫీల్డ్ పోస్టింగ్ (సరిహద్దు లాంటి చోట డ్యూటీ) వచ్చే అవకాశం ఉంటే బీఎస్సీ కన్నా బీఏ, బీకామ్ ఒడ్డెక్కిస్తాయి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వైపు గోడల మీద "పరీక్షకి రావక్కర్లేదు, డిగ్రీ గ్యారంటీ" అనే తరహా కాగితాలు కనిపిస్తాయి. సెలవు దొరకని జవానే వాళ్లకి సులువుగా దొరికే బేరం. ఇన్విజిలేటర్ లేని గదిలోనో, ఎవరింట్లోనో రాయించే పరీక్షకి విలువ లేదు. దూరవిద్యను ఫ్రాంచైజీలకి అప్పగించడాన్ని యూజీసీ నిషేధించింది. అలాంటి సర్టిఫికెట్ రేపు ప్రమోషన్ దగ్గరో, మాజీ సైనికుల కోటాలో ఉద్యోగం దగ్గరో వెరిఫికేషన్‌కి వెళ్తే డిగ్రీతో పాటు ఇన్నేళ్ల సర్వీసులో సంపాదించుకున్న పేరు కూడా పోతుంది. యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకి, ఆ సంవత్సరానికి అనుమతి ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

పేపర్లని సెషన్లకి పంచుకోండి

ఇగ్నోలో ఏడాదికి రెండుసార్లు, జూన్‌లోనూ డిసెంబర్‌లోనూ టర్మ్ ఎండ్ పరీక్షలు జరుగుతాయి. బీఏకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు గడువు. అంటే ఒక సెషన్ తప్పిపోయినంత మాత్రాన కొంపేమీ మునగదు, ఆ పేపర్ తర్వాతి సెషన్‌లో రాసుకోవచ్చు. ఈ వెసులుబాటు సైనికుడి కోసమే పెట్టారా అనిపిస్తుంది నాకు. దాన్ని ముందే లెక్కలోకి తీసుకోండి. మూడేళ్లకి సరిగ్గా సరిపోయేలా ప్లాన్ వేస్తే ఒక్క ఎక్సర్‌సైజ్ (సైనిక విన్యాసం), ఒక్క అత్యవసర డ్యూటీ దాన్ని చెడగొడుతుంది. నాలుగేళ్లలో పూర్తి చేస్తానని మొదలుపెడితే టెన్షన్ ఉండదు. పీస్ స్టేషన్‌లో (ప్రశాంత ప్రాంతపు కంటోన్మెంట్‌లో) ఉన్నప్పుడు ఎక్కువ పేపర్లు, ఫీల్డ్‌లో ఉన్నప్పుడు తక్కువ పేపర్లు పెట్టుకోండి.

అగ్నివీర్‌లకి మాత్రం ఈ లెక్క వేరు. 2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించినప్పుడే ఇగ్నో ద్వారా మూడేళ్ల నైపుణ్య ఆధారిత డిగ్రీని కూడా ప్రకటించారు. అందులో సగం క్రెడిట్లు సర్వీసులో పొందిన శిక్షణకే వస్తాయి. మిగతా సగం చరిత్ర, ఆర్థికశాస్త్రం, ప్రభుత్వ పాలన, కామర్స్ లాంటి సబ్జెక్టులు చదివి తెచ్చుకోవాలి. సర్వీసు నాలుగేళ్లే. అందులో మొదటి నెలలు ట్రైనింగ్‌కే పోతాయి. కాబట్టి తమ్ముడూ, "ఈసారి వదిలేసి వచ్చేసారి చూద్దాం" అనే సౌకర్యం నీకు తక్కువ. ట్రైనింగ్ అయ్యి యూనిట్‌కి చేరిన మొదటి సెషన్ నుంచే రెండు పేపర్లయినా రాయడం మొదలుపెట్టు.

యూనిట్‌లో అనుమతి, ముందే ఒక కాగితం

చదువుకుంటున్నట్టు యూనిట్‌కి తెలియకపోతే పరీక్షకి సెలవు అడిగినప్పుడు అది సాకులా వినిపిస్తుంది. అడ్మిషన్ తీసుకునేముందే అర్జీ పెట్టి అనుమతి తీసుకోండి, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి. పరీక్ష సెలవు కోసం మళ్లీ విడిగా అర్జీ రాయాలి. అందులో యూనివర్సిటీ పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, రాయబోయే పేపర్లు, పరీక్షల కాలం, కేంద్రం ఉన్న ఊరు ఉండాలి. డేట్ షీట్ (పరీక్షల టైమ్ టేబుల్) వచ్చేదాకా ఆగకండి. "జూన్ సెషన్‌లో ఇన్ని పేపర్లు రాయాల్సి ఉంది, ఖచ్చితమైన తేదీలు రాగానే సమర్పిస్తాను" అని ముందే ఇవ్వండి. సెలవుల ప్లాన్ తయారు చేసేటప్పుడు సీనియర్ జేసీవో (సుబేదార్ స్థాయి అధికారి) సాహెబ్ ముందు మీ కాగితం ఉండాలి. తేదీలొచ్చాక పరుగెత్తుకెళ్తే అప్పటికే మిగతావాళ్ల పేర్లు అందులో ఉంటాయి.

జవాన్లకి ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవ్. చాలామంది పరీక్షలకి క్యాజువల్ లీవ్ వాడుకుంటారు, అదే మంచిది కూడా. ఇక్కడ ఇంట్లోవాళ్లకి నాదొక విన్నపం. అబ్బాయి పరీక్షలకని పదిరోజులు వస్తే ఆ పదిరోజుల్లోనే పొలం రిజిస్ట్రేషన్, మేనకోడలి ఓణీల ఫంక్షన్, పెళ్లిచూపులు, తిరుపతి మొక్కు అన్నీ పెడతారు. అతను కాదనలేడు. పగలంతా తిరిగి రాత్రి పుస్తకం ముందు కూర్చుని నిద్రపోతాడు. ఆ సెలవు యూనిట్‌లో ఎంతమందిని ఒప్పించి తెచ్చుకున్నాడో మీకు కనబడదు. దయచేసి ఆ రోజుల్ని పరీక్షకే వదిలేయండి.

ఫారం నింపేటప్పుడు ఏ ఊరు ఎంచుకోవాలి

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. ఇప్పుడు మీరున్న ఊరిని చూసి కేంద్రం ఎంచుకోవద్దు, పరీక్ష రోజుల్లో మీరు ఉండబోయే ఊరిని చూసి ఎంచుకోండి. ఫారానికీ పరీక్షకీ మధ్య నెలల తేడా ఉంటుంది, ఆలోపు యూనిట్ కదలొచ్చు. నాకు తెలిసిన ఒక కుర్రాడు యూనిట్ పక్కనే కేంద్రం ఉంది కదా అని ఆ ఊరే పెట్టాడు. పరీక్షల నాటికి యూనిట్ మొత్తం వేరే రాష్ట్రానికి వెళ్లిపోయింది. హైదరాబాద్ పెట్టుకుని ఉంటే సెలవు తీసుకుని వచ్చి రాసేవాడు.

అందుకే నేను చెప్పేది ఇది. యూనిట్ ఇంకో ఏడాది కదలదని తెలిస్తే పోస్టింగ్ ఊరు పెట్టండి, ఒక్కో పేపర్‌కి కొన్ని గంటల అనుమతితో పని అయిపోతుంది. కదలిక గురించి ఏ కొంచెం గుసగుస వినిపించినా ఇల్లున్న ఊరు పెట్టండి. ఇల్లు ఎక్కడికీ కదలదు. కేంద్రం మార్చుకునే అవకాశం ఇచ్చినా దానికీ ఒక చివరి తేదీ ఉంటుంది, అది దాటితే ఎవరూ ఏమీ చేయలేరు.

ఫారాన్ని ఇంట్లోవాళ్లు నింపడంలో తప్పులేదు. నెట్‌వర్క్ లేని చోట ఉన్న జవానుకి ఆసరా అదే. అయితే లాగిన్ కోసం వచ్చే ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుందో అడ్మిషన్ నాడే ఆలోచించుకోండి. భార్యదో, తమ్ముడిదో, ఇంట్లో ఎప్పుడూ పనిచేసే నంబరు ఇవ్వడం మంచిది. కోర్సు కోడ్లు కాగితం మీద రాసి ఫోటో పంపమనండి, ఫోన్‌లో చెప్తే ఒక అంకె అటూ ఇటూ అవుతుంది. ఫీజు కట్టిన రసీదు డౌన్‌లోడ్ చేసి ఇద్దరి దగ్గరా ఉంచండి. అసైన్‌మెంట్లు గడువులోగా చేరాయో లేదో చూడండి. దూరవిద్య మార్కుల్లో టర్మ్ ఎండ్ పరీక్షకి 70 శాతం, మిగతా 30 శాతం వీటికే. పరీక్ష బాగా రాసి అసైన్‌మెంట్ ఇవ్వనివాళ్లకి ఆ పేపర్ పూర్తయినట్టు కాదు.

డేట్ షీట్ వచ్చాక

ఇగ్నో పరీక్షలు ఉదయం 10 నుంచి 1 దాకా, మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా రెండు పూటలు జరుగుతాయి. మీ పేపర్లు రెండు ఒకే పూట పడ్డాయేమో మొదట చూడండి. పడితే ఒకటే రాయగలరు, రెండోది తర్వాతి సెషన్‌కి. తర్వాత మొదటి పేపర్, చివరి పేపర్ మధ్య ఎన్ని రోజులున్నాయో చూసుకోండి. పేపర్లన్నీ నెలంతా చెదిరిపోయి ఉంటే అన్నీ రాయాలని పట్టుబట్టకండి. దగ్గరదగ్గరగా ఉన్న మూడో నాలుగో పట్టుకుని, వాటికి సరిపడా సెలవు అడగండి.

రైల్వే ముందస్తు రిజర్వేషన్ 2024 నవంబర్ నుంచి 60 రోజులకి తగ్గింది. సెలవు ఖాయమని తెలిసేసరికి సికింద్రాబాద్ రైళ్లకి వెయిటింగ్ లిస్ట్ మొదలై ఉంటుంది. వారంట్ (సైన్యం ఇచ్చే ప్రయాణ పత్రం) మీద వచ్చేవాళ్లు ఎంసీవో కోటా (సైనిక రవాణా కార్యాలయం ద్వారా దొరికే సీట్లు) కోసం ముందే ప్రయత్నించండి. మొదటి పేపర్‌కి కనీసం రెండు రోజుల ముందు ఇల్లు చేరేలా చూసుకోండి. ఉత్తరాది నుంచి వచ్చే రైలు చలికాలం పొగమంచులో ఎన్ని గంటలు ఆలస్యమవుతుందో డిసెంబర్‌లో ప్రయాణించినవాళ్లకి చెప్పక్కర్లేదు.

హాల్ టికెట్ పరీక్షలకి కొద్దిరోజుల ముందే వస్తుంది. మీరు రైల్లో ఉండొచ్చు. ప్రింట్ తీసే పని ఇంట్లోవాళ్లకి అప్పజెప్పండి. పేరు, ఫోటో, కేంద్రం చిరునామా సరిచూడమనండి. యూనివర్సిటీ గుర్తింపు కార్డు, ఆధార్ రెండూ వెంట ఉంచుకోండి. పరీక్షల పనికి ఎక్కడా సర్వీస్ ఐడీ కార్డు ఫోటో తీసి పంపకండి, జిరాక్స్ ఇవ్వకండి.

హైదరాబాద్‌లో రాసేవాళ్లు కేంద్రాన్ని ముందురోజే ఒకసారి చూసి రండి. జూన్ సెషన్ జులైలోకి సాగితే ఆషాఢం బోనాలు వస్తాయి. లష్కర్ బోనాల ఆదివారం, రంగం జరిగే సోమవారం ఉజ్జయిని మహంకాళి గుడి చుట్టుపక్కల ట్రాఫిక్ మళ్లిస్తారు. సికింద్రాబాద్ మీదుగా వెళ్లాల్సినవాళ్లు మెట్రో పట్టుకోండి, లేదా గంట ముందే బయల్దేరండి.

ఆన్‌లైన్ పరీక్ష అయితే

కొన్ని ఆన్‌లైన్ కోర్సుల్లో పరీక్షని ఇంటి నుంచే కెమెరా ముందు కూర్చుని రాయనిస్తారు. ప్రాక్టర్ (పరీక్షని పర్యవేక్షించే వ్యక్తి) మీ ముఖం చూస్తాడు, స్క్రీన్ చూస్తాడు, మొదట్లో కెమెరాని గది నాలుగు వైపులా తిప్పి చూపించమంటాడు. బ్యారక్‌లో, యూనిట్ ఆవరణలో ఇది చేయనే కూడదు. మీ వెనక గోడ మీద ఏ బోర్డు ఉందో, కిటికీలోంచి ఏం కనబడుతోందో అది ఎవరి సర్వర్‌లో చేరుతుందో మీకు తెలియదు. భద్రత కోసమే 2020లో సైన్యం 89 యాప్‌లను ఫోన్ల నుంచి తీసేయమంది. గది చూపించమనే ప్రాక్టరింగ్ సాఫ్ట్‌వేర్ విషయంలో అంతకన్నా జాగ్రత్త కావాలి. ఈ పరీక్షల్ని సెలవులో ఇంటి దగ్గరే పెట్టుకోండి. అల్వాల్‌లో ఇంట్లో కూర్చున్నా కరెంటు పోతే రూటర్ ఆగకుండా ఇన్వర్టర్ కనెక్షన్ ఇవ్వండి, మొబైల్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకోండి, తలుపు గడియ వేసి పిల్లల్ని పక్కింటికి పంపండి. మధ్యలో ఎవరైనా గదిలోకి వస్తే పరీక్ష రద్దయ్యే ప్రమాదం ఉంది.

ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు నడిపే ఆన్‌లైన్) కోర్సులు చేసేవాళ్లకి వారం వారం అసైన్‌మెంట్లు ఆన్‌లైన్‌లోనే, చివరి పరీక్ష మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి. అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75 మార్కులు. సర్టిఫికెట్ రావాలంటే మొదటిదాంట్లో 10, రెండోదాంట్లో 30 తెచ్చుకోవాలి.

ఒకే యూనిట్‌లో చాలామంది ఉంటే

ఇది ఎడ్యుకేషన్ జేసీవోలకి, హవల్దార్లకి. పదిమంది పదిసార్లు సెలవు అడిగే బదులు దగ్గర్లోనే కేంద్రం కోసం ప్రయత్నించండి. కేంద్రీయ విద్యాలయాలను, సైనిక్ స్కూళ్లను కూడా యూనివర్సిటీ నేరుగా పర్యవేక్షించే షరతు మీద పరీక్షా కేంద్రాలుగా పెట్టుకోవచ్చని యూజీసీ నిబంధనల్లో ఉంది. హైదరాబాద్‌లో పికెట్, బొల్లారం, తిరుమలగిరి, గోల్కొండ, హకీంపేట అన్నిచోట్లా కేంద్రీయ విద్యాలయాలున్నాయి. అభ్యర్థుల జాబితా, కోర్సు కోడ్లు, దగ్గర్లోని కేంద్రం ఎంత దూరమో రాసి, కమాండింగ్ ఆఫీసర్ సంతకంతో యూనివర్సిటీ ప్రాంతీయ సంచాలకుడికి లేఖ పంపండి. పరీక్ష ఫారాలు తెరవకముందే పంపాలి. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం వాళ్ల చేతిలో ఉంది.

మంజూరైతే ఆ గది యూనిట్ గది కాదని అందరూ గుర్తుంచుకోవాలి. ప్రశ్నపత్రాల సీలు అందరి ముందూ తెరవాలి. యూనివర్సిటీ పంపిన పరిశీలకుడు తన నివేదిక తాను రాసుకుంటాడు. అభ్యర్థి పైఅధికారినో కిందివాడినో ఇన్విజిలేటర్‌గా వేయవద్దు. సుబేదార్ సాహెబ్ కాపీ కొడుతుంటే సిపాయి అడ్డుచెప్పగలడా? ఆ ఇబ్బంది ఎవరికీ రాకుండా స్కూలు టీచర్లనే కూర్చోబెట్టండి. జవాబు పత్రాలు లెక్కపెట్టి, హాజరు పట్టీతో సరిచూసి, అదే రోజు సీలు వేయించండి.

అమెరికా సైన్యంలో ఉన్న మన పిల్లలకి

హైదరాబాద్ నుంచి వెళ్లి అక్కడి సైన్యంలో చేరి, కాలేజీ కోర్సులు దూరం నుంచి చదివే తెలుగు పిల్లలూ ఉన్నారు. అక్కడ పద్ధతి వేరు. చాలా కాలేజీలు ప్రాక్టర్‌ని విద్యార్థినే చూసుకోమంటాయి, తర్వాత ఆ వ్యక్తిని ఆమోదిస్తాయి. స్థావరంలో ఉండే ఎడ్యుకేషన్ సెంటర్‌ని అడగడం అన్నిటికన్నా సులువు. బంధువులు, స్నేహితులు, రూమ్మేట్లు ప్రాక్టర్‌గా పనికిరారు. ప్రశ్నపత్రం లేదా పాస్‌వర్డ్ మీకు రాదు, ప్రాక్టర్ అధికారిక ఈమెయిల్‌కే వెళ్తుంది. డిప్లాయ్‌మెంట్ (వేరే చోటికి విధుల మీద పంపడం) ముందుంటే ప్రొఫెసర్‌కి ముందే రాయండి, వెళ్లాక రాయకండి. సెలవులో ఇక్కడికొచ్చి కెమెరా ముందు రాస్తుంటే గడియారం చూసుకోండి. న్యూయార్క్ కన్నా మనం వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు ముందుంటాం. అక్కడ అర్ధరాత్రి గడువంటే ఇక్కడ మర్నాడు ఉదయం 9:30 లేదా 10:30.

పరీక్ష అయ్యాక

హాల్ టికెట్ పారేయకండి. రాసిన పేపర్‌కి గైర్హాజరు పడిందంటే ఆ కాగితం, ఆ రోజు మీరు కూర్చున్న కేంద్రం వివరాలే ఆధారం. ఫలితాల్లో తేడా కనబడితే అదే వారం ప్రాంతీయ కేంద్రానికి ఈమెయిల్ పెట్టండి, రీవాల్యుయేషన్‌కి గడువు తక్కువ. సెలవు కుదరక తప్పిపోయిన పేపర్‌ని వెంటనే తర్వాతి సెషన్ జాబితాలో రాసుకోండి, దానికి ఫీజు మళ్లీ కట్టాలి.

డిగ్రీ చేతికొచ్చాక హెడ్ క్లర్క్ దగ్గర నకలు ఇచ్చి, పార్ట్ టూ ఆర్డర్ (సిబ్బంది వివరాల్లో మార్పుల్ని నమోదు చేసే యూనిట్ ఆదేశం) ద్వారా సర్వీసు రికార్డుల్లో ఎక్కించుకోండి. ఎక్కిందో లేదో ఒకసారి చూసుకోండి. అగ్నివీర్‌లు, రిటైర్ అవుతున్నవాళ్లు ఈ పని యూనిట్ వదలకముందే పూర్తిచేయాలి. ఇంటికొచ్చాక రికార్డ్ ఆఫీసుకి ఉత్తరాలు రాస్తూ కూర్చోవడం చాలా ఆలస్యమయ్యే పని.